అంగదుడి మాట, మా చెల్లెలి నోటుబుక్కు: మనల్ని మనం నిజంగా కొలుచుకోగలమా?



పోయిన వారం వీడియోలో కిష్కింధ కాండ చివరి ఘట్టం చెప్పుకున్నాం. సముద్రం ఒడ్డున వానరులంతా కూర్చుని, నూరు యోజనాలు ఎవరు దూకగలరని లెక్కలు చూసుకునే ఘట్టం. అందులో ఒక విషయం టైం సరిపోక వదిలేశానని చివర్లో అన్నాను. నిజానికి టైం సరిపోక కాదు, కెమెరా ముందు చెప్పడానికి మొహం చెల్లలేదు. అది మా ఇంట్లో జరిగిన విషయం, తప్పు ఎక్కువ భాగం నాది. రాయడం కాస్త సులువు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఆటల్లో ఉన్న పిల్లలకు, వాళ్ళ అమ్మానాన్నలకు ఇది పనికొస్తుందనుకుంటాను. ఆటలు లేనివాళ్ళకు కూడా పనికిరాకపోదు. ఎందుకంటే ప్రశ్న అందరిదీ. మన గురించి మనం నిజం చెప్పుకోవడం ఎందుకంత కష్టం? ఆ నిజం చెబితే మనకే నష్టం అని తెలిసినప్పుడు కూడా చెప్పాలా?

నేను చేసిన షీటు

మాది కోయిలకుంట్ల. పుట్టి పెరిగింది అక్కడే. ఇంజనీరింగ్ అయ్యాక బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా చిన్నాయన కూతురు ఊర్లోనే ఇంటర్ మొదటి సంవత్సరం చదివేది. ఎనిమిదో తరగతి నుంచి పరుగు పిచ్చి. 800 మీటర్లు పరిగెత్తుతుంది. మా ఊర్లో సింథటిక్ ట్రాక్ లేదు. గ్రౌండులో సున్నంతో గీసుకున్న 200 మీటర్ల గీత, దాని చుట్టూ నాలుగు రౌండ్లు. వానొస్తే నల్లరేగడి కాలికి కిలో బరువు అంటుకుంటుంది. ఎండాకాలం అదే నేల రాయి లెక్క గట్టిపడుతుంది.

ఆ పిల్ల పోయిన సంవత్సరం సంక్రాంతికి నన్ను అడిగింది. "అన్నా, నేను బాగా చేస్తున్నానో లేదో నాకు తెల్వడం లేదు. నువ్వు కంప్యూటర్ చదివినావు కదా, ఏమైనా చెయ్యి."

నేను గర్వంగా ఒక షీటు తయారు చేశాను. నిద్ర, తిండి, ప్రాక్టీసు, మనసు, ఒంటి నొప్పులు. ఒక్కోదానికి పదికి ఇన్ని అని మార్కులు. సగటు దానంతటదే వస్తుంది. 8 దాటితే పచ్చ రంగు, 6 లోపు ఎర్ర రంగు. ప్రతి రాత్రి ఫోన్లో తనే నింపాలి, నేను బెంగళూరులో చూస్తాను. పచ్చ వస్తే బొటనవేలు గుర్తు పంపిస్తాను. ఎర్ర వస్తే ఫోన్ చేసి "ఏమైంది, ఎందుకు తగ్గింది" అని అడుగుతాను.

షీటు ఆలోచన తప్పేం కాదు. మనిషి తన శ్రమను తానే చెప్పుకోవడానికి శాస్త్రంలో కూడా చోటుంది. స్వీడన్‌కు చెందిన గున్నార్ బోర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 6 నుంచి 20 వరకు ఒక స్కేలు తయారు చేశాడు. పరిగెత్తేవాడినే "ఎంత కష్టంగా ఉంది" అని అడుగుతారు, అతను ఒక అంకె చెప్తాడు. ఆ అంకెను పదితో గుణిస్తే సుమారుగా గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో వస్తుంది. ఏమీ చేయకుండా కూర్చున్నవాడికి 6, అంటే 60. ప్రాణం పోయేంత కష్టానికి 20, అంటే 200. మిషన్ లేకుండా మనిషి మాటే మిషన్ అన్నమాట. కానీ ఒక్క షరతు, ఆ మాట నిజం కావాలి.

షీటులో అయిదు వారాలు అన్నీ పచ్చ. ఒక్క ఎర్ర లేదు. నాకు సంతోషం. ఒక్క విషయం మాత్రం కలవలేదు. జనవరిలో 2 నిమిషాల 31 సెకన్లు వచ్చిన పరుగు మార్చికి 2 నిమిషాల 38 సెకన్లయింది. అడిగితే "ఎండలు అన్నా" అంది. నిజమే కదా అనుకున్నా. మా ఊరి ఎండ సంగతి తెలిసినవాడిని కాబట్టి ఇంకో ప్రశ్న వేయలేదు.

జేజి అడిగిన ప్రశ్న

ఉగాదికి ఊరికి పోయాను. పండగ పొద్దున బచ్చలు తింటా జేజి దగ్గర కూర్చుని ఈ షీటు గొప్ప చెప్తున్నా. జేజి అంతా విని నిమ్మళంగా అడిగింది.

"ఆ పిల్ల నెల దినాల నుంచి గడప దిగేటప్పుడు గోడ పట్టుకుంటాంది. అది నీ ఫోనులో రాలేదా నాయనా?"

నాకు నోట మాట రాలేదు. పిల్లను పిలిచి అడిగితే మొదట ఏం లేదంది. తర్వాత ఏడ్చింది. ఎడమ కాలి ముందు ఎముక మీద ఒక చోట వేలు పెడితే ప్రాణం పోతోందట. పరిగెత్తేటప్పుడే కాదు, రాత్రి పడుకున్నప్పుడు కూడా. నంద్యాల తీసుకుపోయి చూపిస్తే ఎక్స్‌రేలో ఏమీ సరిగ్గా కనపడలేదు. స్కాను తీస్తే ఎముకలో సన్నటి చీలిక. ఒకేసారి దెబ్బ తగిలి విరిగేది కాదిది. గట్టి నేల మీద రోజూ అదే దెబ్బ అదే చోట పడుతూ, ఎముకకు పూడుకునే టైం దొరక్కపోతే వచ్చేది. మొదట్లోనే ఆపితే కొన్ని వారాల్లో పోతుంది. నొప్పిని దాచి పరిగెత్తితే పూర్తిగా విరిగే ప్రమాదం ఉంది. ఎనిమిది వారాలు పరుగు బంద్ అన్నారు డాక్టరు.

బస్సులో తిరిగి వచ్చేటప్పుడు అడిగాను, ఎందుకు రాయలేదని. ఆ పిల్ల చెప్పిన జవాబు నేను మర్చిపోలేను.

"నొప్పి అని రాస్తే నువ్వు నాయనకు చెప్తావు. నాయన ఇంక చాలు, ఇంట్లో ఉండు అంటాడు. అదీ గాక ఎర్ర వస్తే నువ్వు ఎందుకు తగ్గింది అంటావు. పచ్చ వస్తేనే బాగుంది అంటావు." కాసేపాగి, "రాయగా రాయగా నాకే నొప్పి లేదేమో అనిపించింది అన్నా" అంది.

ఈ చివరి మాటే నన్ను ఎక్కువ భయపెట్టింది. నాకు అబద్ధం చెప్పడం వేరు, తనకు తానే చెప్పుకోవడం వేరు. మొదటిది రోజూ చేస్తే రెండోది దానంతటదే అవుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

తెలియదు అనడం కూడా అబద్ధమే. అదే మార్చి నెలలో నా ఆఫీసులో నేనొక ఫారం నింపాను. సంవత్సరమంతా నీ పని ఎలా ఉందో నువ్వే అయిదుకు మార్కులు వేసుకోమనే ఫారం. నాలుగున్నర వేసుకున్నా. ఒక పనిలో నేను ఊరికే పక్కన ఉన్నాను, "ముందుండి నడిపించాను" అని రాసుకున్నా. అందరూ అట్లాగే రాస్తారని నాకు నేను చెప్పుకున్నా. రెండు నెలలు పోయాక ఆ పని నేనే చేసినట్టు నాకే నిజంగా అనిపించడం మొదలైంది. మరి ఆ పిల్లను ఏ నోటితో తిట్టాలి?

సముద్రం ఒడ్డున

ఆ రాత్రి నిద్ర పట్టక కిష్కింధ కాండ తీశాను. వీడియో కోసం అప్పటికే చదివిన భాగమే. ఆ రోజు వేరేగా కనపడింది.

వానరులు ఒక్కొక్కరే లేచి తాము ఎంత దూకగలరో చెప్తారు. గజుడు పది యోజనాలంటాడు. గవాక్షుడు ఇరవై. అట్లా ముప్ఫై, నలభై, యాభై అని పోతుంది. మైందుడు అరవై, ద్వివిదుడు డెబ్భై, సుషేణుడు ఎనభై. దూకాల్సింది నూరు. అంటే పది అన్న గజుడి మాట ఆ పనికి ఏమాత్రం పనికిరాదు. అయినా మొదట లేచింది అతనే. పది అని చెప్పడానికి సిగ్గుపడలేదు. పక్కవాడు ఎగతాళి చేయలేదు. తక్కువ చెప్పినందుకు దండన లేదు కాబట్టి ఎవరూ ఎక్కువ చెప్పుకోలేదు.

జాంబవంతుడు ఇంకో పాఠం. వయసులో ఉన్నప్పుడు త్రివిక్రముడి చుట్టూ ప్రదక్షిణ చేసినవాడు. ఇప్పుడు తొంభై మాత్రమే అంటాడు. నిన్నటి బలాన్ని ఇవాళ్టి లెక్కలో కలపలేదు. మనలో ఎంతమంది ఇంకా పదో తరగతిలో గెలిచిన కప్పు చూసుకుని ఇవాళ్టి మార్కు వేసుకుంటున్నాం!

ఇక అంగదుడు. నూరు యోజనాలు పోగలనంటాడు, తిరిగి రాగలనో లేదో మాత్రం చెప్పలేనంటాడు. ఆటగాడు తన గురించి చెప్పుకోగలిగిన మాటల్లో నాకు తెలిసి ఇంతకన్నా నికార్సయిన మాట లేదు. అతను యువరాజు. "పోగలను" అని అక్కడ ఆపేస్తే అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. సగం తెలుసు, సగం తెలియదు, ఆ తెలియని సగాన్ని కూడా దాచకుండా ముందు పెట్టాడు. దానివల్లే జాంబవంతుడు వేరే దారి వెతకగలిగాడు. ఒక్క అబద్ధపు పచ్చ రంగు అక్కడ పడి ఉంటే కథ ఇంకో రకంగా ఉండేది.

హనుమంతుడు మాత్రం ఏమీ మాట్లాడలేదు. పక్కన కూర్చున్నాడు. తన బలం తనకు గుర్తుండదనే శాపం ఆయనకు ఉందని ఉత్తర కాండ చెప్తుంది. జాంబవంతుడు వచ్చి నువ్వెవరో, నీ బలం ఎంతో చెప్పాక లేచాడు. అంటే ఎక్కువ చెప్పుకోవడం ఒక్కటే జబ్బు కాదు, తక్కువ అనుకోవడం కూడా జబ్బే. ఎవరి లోపలికి వాళ్ళు చూసుకుంటే చాలు అంతా తెలిసిపోతుంది అనుకోవడం కూడా పొరపాటే. మన వీపు మనకు కనపడదు. ఒక జాంబవంతుడు కావాలి.

ఇక్కడే నా తప్పు నాకు దొరికింది. ఆ పిల్లకు నేను జాంబవంతుణ్ణి అనుకున్నా. నిజానికి నేను నా ఆఫీసు ఫారం లాంటివాణ్ణి. నాకు అంకె కావాలి, ఆ అంకె బాగుండాలి. గోడ పట్టుకుని దిగడం చూసిన జేజి, అక్షరం రాని మా జేజి, ఆ పిల్లకు జాంబవంతుడు.

ఇంటి లెక్క, లోకం లెక్క

ఫలితం చూడొద్దు, పని చేస్తూ పో అని గీత చెప్పిందని ఆటలాడే పిల్లలకు మనం ఊరికే చెప్పేస్తుంటాం. నాకు ఆ మాట అట్లా చెప్పడం మీద ఒక అభ్యంతరం ఉంది. ఫలం మీద హక్కు లేదన్నారు కానీ ఫలం వైపు చూడొద్దని అనలేదు కదా. వంట చేసినవాడు ఉప్పు చూడకుండా వడ్డిస్తే అది వైరాగ్యం అనం. ఫలితాన్ని చూడాలి, కానీ అది నా విలువ అనుకోకూడదు. ఈ రెండింటికీ తేడా ఏమిటో మన తెలుగు అమ్మాయి ఒకరి కథలో బాగా తెలుస్తుంది.

విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ, 100 మీటర్ల హర్డిల్స్. అప్పటికి జాతీయ రికార్డు 13.38 సెకన్లు, 2002లో అనురాధా బిస్వాల్ పెట్టింది. 2020 జనవరిలో మూడబిద్రిలో జరిగిన అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో జ్యోతి 13.03లో పరిగెత్తింది. రికార్డు కాలేదు. డోప్ పరీక్ష లాంటి షరతులు పూర్తి కాలేదని లెక్కలోకి తీసుకోలేదు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09. అదీ కాలేదు. వెనక గాలి సెకనుకు 2.0 మీటర్ల దాకా ఉండొచ్చు, ఆ రోజు 2.1 ఉంది. ఆ తర్వాతి నెల, మే 10న, సైప్రస్‌లోని లిమాసోల్‌లో 13.23. ఇది రికార్డయింది.

గమనించారా? లెక్కలోకి వచ్చిన 13.23 కన్నా, రాని రెండు పరుగులూ వేగమైనవే. మరి ఆ అమ్మాయి బలం ఎంత? లోకం పుస్తకం అడిగితే 13.23. సొంత పుస్తకం అడిగితే ఇంకా లోపల ఉంది. రెండు పుస్తకాలూ నిజమే. లోకం పుస్తకమే నమ్మితే రెండుసార్లు లెక్క తప్పినప్పుడే కుంగిపోవాలి. సొంత పుస్తకమే నమ్మితే ఆ వెనక గాలి కూడా నా బలమే అనుకుని మోసపోవాలి. రెండూ వేరువేరుగా రాసుకోవాలి, ఒకదానిలో ఇంకోటి కలపకూడదు. మరుసటి సంవత్సరం, 2023లో, చెంగ్డూలో 12.78 పరిగెత్తింది. అప్పుడు రెండు పుస్తకాలూ ఒక దగ్గరికి వచ్చాయి.

ఇంకో కథ మీకు తెలిసిందే. శ్రీకాకుళం జిల్లా కరణం మల్లేశ్వరి, 2000 సెప్టెంబర్ 19న సిడ్నీలో. స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు, మొత్తం 240. పైన ఉన్న ఇద్దరూ 242.5. ఆఖరి ప్రయత్నానికి 137.5 కిలోలు పెట్టారు. లేచి ఉంటే బంగారమే. లేవలేదు. కాంస్యం వచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారత మహిళ ఆమె. ఆ ఒక్క ప్రయత్నం గురించి ఇంకా చిన్న బరువు పెట్టి ఉండాల్సిందని అన్నవాళ్ళున్నారు. ఆ లెక్క తప్పో ఒప్పో నేను చెప్పలేను. నాకు కనపడేది ఒకటే. లేవని 137.5ను దాచడానికి వీల్లేదు, ప్రపంచమంతా చూసింది. కానీ లేవని ఆ బరువు లేచిన 240ని చెరిపేయలేదు. విఫలమైన ప్రయత్నం కూడా అంచనాలో భాగమే, అంచనా మొత్తం అదే కాదు.

ఎద్దు పళ్ళు

మా సీమలో తిరునాళ్ళకు బండలాగుడు పోటీలు పెడతారు. బయటివాళ్ళకు అది ఎద్దుల బలం చూసే ఆట. నాకు మాత్రం చిన్నప్పటి నుంచి అక్కడ కొలత పద్ధతి నచ్చేది. ఎద్దులను పళ్ళను బట్టి విడగొడతారు, రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి అని. యజమాని చెప్పిన వయసు చెల్లదు, నోరు తెరిచి చూస్తారు. బండ ఎన్ని అడుగులు లాగిందో టేపు పెట్టి కొలుస్తారు. యజమాని మీసం ఎంత మెలేసినా అడుగు పెరగదు.

మనుషుల పోటీల్లో చాలాచోట్ల పళ్ళు చూడరు, సర్టిఫికెట్ చూస్తారు. అందుకే కొందరు పెద్దవాళ్ళు పిల్లల వయసు రెండేళ్ళు తగ్గించి రాయిస్తారు. అండర్ 14లో గెలవాలని. నేను దీన్ని చట్టం సంగతిగా కాదు, ఆ పిల్లవాడి సంగతిగా చూస్తాను. పదహారేళ్ళ పిల్లోడు పద్నాలుగేళ్ళ వాళ్ళతో పరిగెత్తి కప్పు తెచ్చుకుంటాడు. ఆ కప్పు చూసుకుని తనకు ఎంత వచ్చో ఎట్లా తెలుసుకుంటాడు? వాడి సొంత పుస్తకాన్ని ఇంట్లో వాళ్ళే దొంగిలించారు. పెద్ద పోటీలకు పోయినప్పుడు ఒక్కసారిగా వెనకపడతాడు, ఎందుకో వాడికే అర్థం కాదు. లోకాన్ని మోసం చేయడం తర్వాత మాట. ముందు మోసపోయింది వాడే.

మరి అది తప్పా కాదా?

తిరిగి మా చెల్లెలి దగ్గరికి వస్తా. నొప్పి దాచడం తప్పా?

తేలిగ్గా తప్పే అనేయొచ్చు. నేనూ మొదట అట్లాగే అనబోయా. కానీ ఇంకో మాట ఆలోచించండి. మా ఇంట్లో నేను చిన్నప్పుడు కబడ్డీ ఆడి భుజం పోగొట్టుకున్నా. కట్టు కట్టించారు, మానాక మళ్ళీ ఆడమన్నారు. అదే ఇంట్లో ఆడపిల్ల కాలు నొప్పి అంటే ఆట ముగిసిపోతుంది. నేను నిజం చెబితే నాకు వైద్యం. ఆ పిల్ల నిజం చెబితే ఆ పిల్లకు శిక్ష. ఇద్దరం ఒకే ధరకు నిజం కొనడం లేదు. అట్లాంటప్పుడు "నిజాయితీగా ఉండు" అని ఆ పిల్ల ఒక్కదానికే చెప్పడం నాకు న్యాయంగా తోచలేదు. తన గురించి తాను నిజం చెప్పుకునే ధర్మం పిల్లలదైతే, ఆ నిజానికి శిక్ష వేయకుండా ఉండే ధర్మం ఇంటిది. రెండోది లేకుండా మొదటిది అడగకూడదు.

అయినా దాచడం సరైందే అని కూడా నేను అనలేను. ఎందుకంటే ఎముక మన న్యాయం వినదు. ఆ పిల్లకు దాచడానికి కారణం ఉంది, అది న్యాయమైన కారణం కూడా. కానీ చీలిక పెరిగింది ఆ పిల్ల కాల్లోనే, చిన్నాయన కాల్లో కాదు, నా కాల్లో కాదు. మనిషికి తానే బంధువు, తానే శత్రువు అనే మాట గీత ఆరో అధ్యాయంలో వస్తుంది. నేను దాన్ని ఇన్నాళ్ళూ మనసు అదుపు గురించి మాత్రమే అనుకున్నా. ఇప్పుడు ఇంకో అర్థం కూడా కనపడుతోంది. బయట ఎవరికి ఏం చెప్పాల్సి వచ్చినా, లోపల ఒక్కచోట నిజం రాసి ఉంచుకున్నవాడు తనకు తాను బంధువు. ఆ ఒక్కచోట కూడా చెరిపేసుకుంటే శత్రువు బయట అక్కర్లేదు.

సుందర కాండలో హనుమంతుడు ఆ ఒక్కచోటును ఎప్పుడూ చెరపలేదు. సీతమ్మ కోసం రావణుడి అంతఃపురంలో నిద్రపోతున్న స్త్రీలను చూశాక ఆగి, నేను చేసింది ధర్మమేనా అని తనను తానే అడుగుతాడు. నా మనసు చలించిందా అని చూసుకుంటాడు, లేదని తేల్చుకుని ముందుకు పోతాడు. లంక కాల్చాక కూడా, అయ్యో, ఆ మంటల్లో సీతమ్మకు ఏమైందో ఆలోచించలేదే అని తనను తాను నిందించుకుంటాడు. చూసేవాళ్ళు ఎవరూ లేరు. మార్కులు వేసేవాళ్ళు లేరు. అయినా లెక్క చూసుకున్నాడు. రెండుసార్లూ ఆ లెక్క ఆయన్ని అక్కడే కూలబడేయలేదు, చేయాల్సిన పని దగ్గరికి తీసుకుపోయింది. అంచనా మంచిదో కాదో తెలుసుకోవడానికి నాకు ఇదే గుర్తు. అది అయ్యాక మనం పనికి లేస్తే మంచిది. అద్దం ముందు కూర్చుండిపోతే, పొగడుకుంటూ అయినా తిట్టుకుంటూ అయినా, చెడ్డది.

ఇప్పుడు మేం చేస్తున్నది

షీటు తీసేశాను. ఊర్లో ఒక లాంగ్ నోటుబుక్కు కొనిచ్చాను. అది ఆ పిల్లది. తను చూపిస్తే తప్ప నేను చూడను. మార్కులు లేవు, రంగులు లేవు. రోజుకు నాలుగు లైన్లు.

మొదటి లైను, జరిగింది. ఎన్ని రౌండ్లు, ఎన్ని సెకన్లు, ఎన్ని గంటలు నిద్ర. పొద్దున లేవగానే నాడి ఎంత. ఇందులో "బాగా", "బాలేదు" అనే మాటలు రాకూడదు. ఫోన్ స్టాప్‌వాచ్‌తో చేత్తో నొక్కిన టైం అయితే "చేత్తో" అని పక్కన రాయాలి, అది ఎలక్ట్రానిక్ టైంతో సమానం కాదు కాబట్టి.

రెండో లైను, అనిపించింది. ఎంత కష్టంగా ఉంది, ఎక్కడ మనసు ఆగింది. ఇది తప్పయినా పర్వాలేదు, నిజంగా అనిపించింది అయితే చాలు.

మూడో లైను, ఒళ్ళు. నొప్పి ఉంటే ఎక్కడో వేలు పెట్టి చూసి రాయాలి. కండ అంతా పట్టేసినట్టుందా, ఎముక మీద ఒక్కచోటేనా. పరిగెత్తాక వస్తుందా, పడుకున్నా ఉందా. ఒక్కచోటే ఉండి, పడుకున్నా పోకపోతే ఆ రోజే జేజికి చెప్పాలి. జేజి ఎవరినీ తిట్టదు, ఎవరి ఆటా మాన్పించదు. ఆ మాట జేజి దగ్గర తీసుకున్నాం.

నాలుగో లైను, రేపు మార్చుకునేది ఒక్కటే. రెండు రాయకూడదు.

చిన్నాయనతో కూడా కూర్చుని మాట్లాడాను. ముందు నా ఫారం సంగతి చెప్పాను, నేనే అబద్ధం రాశానని. ఆయన నవ్వాడు. తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి "దసరా దాకా చూస్తా" అన్నాడు. దసరా తర్వాత ఏమంటాడో నాకు తెలియదు.

చెల్లెలు జూలైలో మళ్ళీ గ్రౌండుకు వచ్చింది. మొదటి పరుగు 2 నిమిషాల 44 సెకన్లు. జనవరి కన్నా 13 సెకన్లు వెనక. పోయిన ఆదివారం తనంతట తనే నోటుబుక్కులో ఒక పేజీ ఫోటో తీసి పంపింది. అందులో ఇట్లా ఉంది: "చివరి రెండొందలు తగ్గినా. కాలు కాదు. కాలు బాగుంది. భయం వేసి తగ్గినా."

నేను బొటనవేలు గుర్తు పెట్టబోయి ఆగిపోయా. "చదివినా" అని మాత్రం రాశా. ఆ పేజీ నిజంగా బాగుంది, కానీ నేను బాగుందని చెప్తే రేపటి నుంచి నాకోసం రాస్తుందేమో అని భయం.

మరుసటి మార్చిలో నా ఆఫీసు ఫారం మళ్ళీ వస్తుంది. ఈసారి ఏం రాస్తానో ఇప్పుడే గొప్పగా చెప్పను. అంగదుడి లెక్క చెప్పాలంటే, నిజం రాయాలని ఉంది, రాయగలనో లేదో తెలియదు. ఆ రోజు నేనూ ముందు ఒక నోటుబుక్కులో రాసుకుని, ఆ తర్వాత ఫారం తెరుస్తాను.

మీ ఇంట్లో ఆటలాడే పిల్లలుంటే ఈ రోజు ఒక్క పని చేయండి. ఎంత వచ్చింది, ఎన్నో స్థానం అని అడిగే ముందు, "ఎక్కడైనా నొప్పిగా ఉందా?" అని అడగండి. జవాబు ఏదైనా కోప్పడకండి. మీరే ఆడే పిల్లలైతే పడుకునే ముందు నాలుగు లైన్లు రాసుకోండి, ఎవరికీ చూపించకండి.

వచ్చే వారం వీడియోలో సుందర కాండ మొదలుపెడదాం. ఆ స్వామి మనందరికీ మన బలాన్ని గుర్తు చేసే ఒక్క మనిషినైనా దగ్గర ఉంచాలని కోరుకుంటూ, సెలవు.

జై హనుమాన్.